బైండరు రాసిన రాకుమారి నవల

మేడ మీద అచ్చాఫీసు, దాని వెనక గదుల్లోనే బైండరు బాబాయి కాపురం. కింద టీకొట్టు. బాబాయి వచ్చి బల్ల మీద కూర్చుంటే చాలు, పక్క కొట్టు దర్జీ కత్తెర వదిలేసి గ్లాసుతో హాజరు.

"నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, నవల రాశానయ్యా. పెద్ద పనేం కాదనుకో. మా మనవరాలు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది కదా, సిమెంటు కట్టు విప్పేసి, ఇక నడవమన్నాడు డాక్టరు. అది మంచం దిగితే ఒట్టు! మళ్లీ పడతానేమోనని భయం. గోడకేసి తిరిగి పడుకుంటుంది. సరే, పాత కథ ఎత్తుకున్నా. రాక్షసుడు, కోట, చెరలో రాకుమారి, చిలకలో వాడి ప్రాణం. 'రాకుమారుడు వచ్చేదాకా కూర్చోడమేనా? ఆ పిల్లకి కాళ్లు లేవా తాతయ్యా?' అంది. అనేసి తన కాలి వంక చూసుకుంది. నా ప్రాణం ఉసూరుమంది."

"పాపం, పదిహేనేళ్ల పిల్ల" అంది టీకొట్టావిడ.

"దాంతో ఆ ఈడు పిల్లలకని నవలగా తిరగరాశా. నా రాకుమారికి మొహం నిండా మొటిమలు. అద్దమంటే మంట, అమ్మంటే మంట. రాక్షసుడు రోజూ 'నీ మంచికేనమ్మా' అంటూ గడియ పెడతాడు. ఈ పిల్ల తనే గోడ దూకి, తనే సముద్రం ఈదుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి పేజీకి మా పిల్ల పకపకా నవ్వింది, రెండో పేజీకి లేచి కూర్చుంది, మూడో పేజీకి మేడంతా గుర్రంలా పరుగు!"

"మాకెవరికీ కనబడలేదే?" అన్నాడు దర్జీ.

"ఆ వేగం నీ కళ్లకి ఆనాలిగా! ఇక ఊళ్లో పిల్లలంతా బారులు తీరారు. అచ్చుయంత్రం ఆపితే ఆగదు. కరెంటు పోయినా తిరుగుతోంది, కథ ఏమవుతుందోనని దానికీ ఆత్రమే! సముద్రం అధ్యాయం అచ్చేసేసరికి కాగితాలన్నీ తడిసి ముద్ద. పిండి ఆరేశాను. జిగురు గిన్నెలో చేప దొరికింది. అంతలో అట్టలోంచి టకటకా చప్పుడు. విప్పితే చిలక! 'బాబాయ్, వాడు కిందకొచ్చాడు, నన్ను దాచు' అంది. దిగి చూస్తే రాక్షసుడు, ఇదిగో, ఈ బల్ల మీదే! 'చివరి అధ్యాయం మార్చండయ్యా, పిల్లలు గలవాణ్ని' అని ఒకటే ఏడుపు."

"నా బల్ల విరగలేదేం?" అంది టీకొట్టావిడ.

"అంచు మీద కూర్చున్నాడమ్మా, మర్యాదస్తుడు. అప్పుడు నేను..."

"చివరి అధ్యాయమా తాతయ్యా?"

అందరూ తిరిగి చూశారు. కింది మెట్టు మీద మనవరాలు, రెండు చేతులా కమ్మీ పట్టుకుని. మొహమంతా చెమట.

"రాసింది ఒక్క అధ్యాయం! ఆ రాకుమారి పొద్దున్నించీ కిటికీలో ఒక కాలు బయటేసి కూర్చుంది. రెండోది రాస్తానని చెప్పి, ఇక్కడ కోతలు కోస్తున్నావా? ఎంత పిలిచినా పలకవు!"

దర్జీ నవ్వుతూ నవ్వుతూ టీ ఒలకబోసుకున్నాడు. బాబాయి మాత్రం నవ్వలేదు. పిల్ల పాదాల వంకే చూస్తున్నాడు.

"ఎలా దిగావే తల్లీ?" అంది టీకొట్టావిడ మెల్లిగా.

"ఎలా దిగుతానూ, నడిచే..." అంది. అంటూ ఆగిపోయింది. కమ్మీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

బాబాయి గబగబా వెళ్లి చెయ్యి అందించాడు.

"వద్దు. నువ్వు ముందు నడు, పైకెళ్లి రాయి."

ఆయన ఎక్కాడు. వెనకే ఒక్కో మెట్టూ ఆమె. మధ్యలో ఆయన తిరగబోతే, "చూడకు తాతయ్యా, నడు" అంది.