తానాల గది కడిగిన పొద్దు

పాలకుర్తి దగ్గర ఒక ఊరు, పందొమ్మిది వందల ఎనభై ఒకటి, ఎండకాలం. తానాల గదిల తల పగిలి పడ్డ జగపతిరావును నిన్న పొద్దుగాల వరంగల్ దవాఖానకు తీస్కపోయిన్రు. కబురు తెలిసి మానుకోట నుంచి దిగిన ఆయన అక్క, బడి పంతులమ్మ ఊర్మిళ, మంచినీళ్ళన్న ముట్టకుండ కొంగు చెక్కుకొని మరదలు సునందను వెంటేసుకొని ఆ గదిలకు పోయింది.

“గంగాళం పట్టు సునందా. బయట పెడదాం. ముందుగాల గది ఖాళీ గావాలె.”

“మీకెందుకు వదినె ఈ పని. కట్టమ్మొచ్చి కడుగుతది.”

“పనిమనిషిని ఇయ్యాల నేనే రావద్దన్న. పట్టు.”

“బరువున్నది…”

“బరువు గాదు, నీ చెయ్యి లేస్తలేదు. ఏమైంది?”

“ఏం గాలే. మొన్న బట్టలు పిండుతుంటె పట్టేసింది.”

“సరే. ఆ గూట్లెయి తియ్యి. ఉంచేటియి ఇటు, పారేసేటియి అటు.”

“శీకాయ డబ్బ?”

“ఉంచు.”

“సబ్బు ముక్కలు?”

“పారెయ్. పాత బ్లేడ్లు కాగితంల చుట్టు, కోసుకుంటయి. సున్నిపిండి ఎనుక ఆ సీస ఏంది?”

“అయోడిన్.”

“సగమైంది.”

“పిల్లలు పడుతుంటరు గద వదినె, గీసుకుంటరు…”

“నీకు పిల్లలేరి సునందా?”

“సీస అటేస్త వదినె.”

“చీలకున్న బెల్టు?”

“అది ఆయనది.”

“ఆయనదని ఎరుకే. ఉంచుదామా, పారేద్దామా? నిన్నే అడుగుతున్న.”

“పారేద్దాం.”

“ఆఁ. పగటాళ్ళకు పోలీసు ఠాణకెల్లి జమేదారొస్తడు. మనిషి ఎట్ల పడ్డడో చూస్తనంటడు. వానికి ఈ గదిల చూసెతందుకు ఏమీ ఉండొద్దు. సమజైందా?”

“జారి పడ్డరు వదినె. సబ్బు మీద కాలేసి.”

“ఎటు పడ్డడు?”

“గిటు. గంగాళం దిక్కు.”

“గంగాళానికి నెత్తురు లేదు. గోడకున్నది.”

“కడుగుత.”

“సున్నం గోడ, కడిగితె పోదు. సున్నం కలిపి పైకెల్లి పుయ్యి. తలుపుకు గొళ్ళెం ఏది?”

“ఆయన పీకేసిండు. పోయిన దసరాకు.”

“ఎందుకు?”

“లోపటికొచ్చి గొళ్ళెం పెట్టుకున్న. ఒక్కసారే. పొద్దుగూకిందాక తియ్యలే.”

“మోరిల నీళ్ళు పోతలెవ్వు. అన్ని గాజు పెంకులే. ఎన్ని గాజులే ఇవి?”

“లెక్క వెట్టలే వదినె.”

“చెంబేది? ఇత్తడి చెంబు, మా అవ్వది.”

“ఉన్నది.”

“ఏడున్నది?”

“కట్టెల కింద.”

“తే.”

“వదినె…”

“తే సునందా.”

“గిదిగో.”

“గింత సొట్ట ఒక్క దెబ్బకు పడది. ఎన్ని?”

“జారి పడ్డ…”

“ఎన్ని?”

“మూడు.”

“చెప్పు.”

“నీళ్ళు కాగలేదన్నడు. జుట్టు పట్టి మొఖం గంగాళంల ముంచిండు. ఎప్పటోలె ముంచి లేపుతడనుకున్న. నిన్న లేపలే. ముక్కులకు నీళ్ళు పోయినయి, చెవులు గుయ్యిమన్నయి. చేతికి చెంబు దొరికింది.”

“ఒకటి అందుకు. తక్కిన రెండు?”

“లేస్తడేమోనని.”

“ఊఁ.”

“మీ తోడవుట్టినోడు వదినె. జమేదారుకు చెప్తరా?”

“నాకు తొమ్మిదేండ్లప్పుడు మా అవ్వను మా బాపు ఈ గదిలనే తన్ని చంపిండు. మూర్ఛొచ్చి పడ్డదని ఊరికి చెప్పిండు. నెత్తురు నాతోని కడిగిపిచ్చిండు. జగపతి అయిదేండ్లోడు, గడప మీద కూసోని అంత చూసిండు. గచ్చు కడిగిన గాని, వాని కండ్లు మూయాల్నని నాకు తోచలే.”

“నాకెవ్వరు చెప్పలే.”

“ఎవ్వరు చెప్తరు? ఏడ్వకు. బతుకుడు కష్టమని కబురొచ్చింది. దినాలైనంక ఈ ఇంట్ల నీ మీద చెయ్యి లేపెటోడు ఉండడు. చెంబు నేను బాయిలేస్త. ఎవరడిగినా జారి పడ్డడనే చెప్పు, ఇటు మాట అటు చెయ్యకు.”

“రేపు మీకే నా మీద కోపమొస్తె?”

“రానియ్. ఎక్కడికి పోత కోపమొచ్చి? ఆ మూలకు ఇంకో పూత ఎయ్యి, ఇంక కనవడుతున్నది.”

“జీపు చప్పుడు వదినె.”

“నీ మరిది, రవీందర్. దవాఖాన కెల్లి వచ్చిండు. నువ్వేం మాట్లాడకు. రా తమ్మీ, ఇంటికి ఎప్పుడు తీస్కపొమ్మన్నరు? పానం పోయేముందు కింద చాపల దింపుడుకు మనుషులను పిలవాలె.”

“దింపుడేంది అక్క. అన్నకు తెలివొచ్చింది.”

“ఏంది?”

“పానానికి భయం లేదట. పోలీసులొచ్చి అడిగితె, జారి పడ్డనని రాయిచ్చిండు.”

“జారి పడ్డనన్నడా? వాడే అన్నడా?”

“అన్ననే. వాళ్ళు బయటికి పోయినంక నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. ‘నీ వదినెను ఎటూ పోనియ్యకు. నేనొచ్చిందాక ఆ తానాల గదిల ఏసి ఉంచు’ అన్నడు. ఏందక్క, వదినె గట్ల గోడ పట్టుకున్నది?”

“రవీందర్, ఇంజన్ బంద్ జేసినవా?”

“లే.”

“జెయ్యకు. సునంద నాతోని మానుకోటకొస్తది.”