గంగ మీద తెరిచిన కార్డు

ఏక్‌బాల్‌పూర్‌లో నీరజ వాళ్ళింటి ముందరి అరుగు మీద శనివారం మధ్యాహ్నం కూర్చునేది నలుగురే. అయినా దేముడు నోరు విప్పాడంటే నలభై మంది చేరినట్టుండేది. కార్పొరేషన్‌లో నీళ్ళ పైపుల పని చేసి రిటైరైన మనిషి. ఆయన చెయ్యని పనీ చూడని వింతా ఈ కలకత్తాలో లేవు. కనీసం ఆయన చెప్పే లెక్కన లేవు.

ఆ రోజు మాత్రం నీరజకి ఆ మాటలు కాలక్షేపం కాదు. స్నేహితురాలు మేరీరాణికి బెంగాలీ అబ్బాయితో పెళ్ళి. అటువాళ్ళకి శుభమంటే చేప. అందుకని చేప ఆకారంలో, పుస్తకంలా తెరుచుకునే పెళ్ళి కార్డులు చేసిస్తానని నీరజ మాటిచ్చింది. కవర్లన్నీ అయిపోయాయి, మూతల మీద అలల కోతతో సహా. కార్డులు ఇంకా ఎనిమిది కావాలి. చేత్తో చేసిన ఆ దళసరి కాయితం సరిగ్గా ఎనిమిది ముక్కలే మిగిలింది. రేపు చర్చి అయ్యాక పెద్దవాళ్ళకి పంచాలి. ఇంతలో మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికింది. అరుగు మీదున్న ఆ చిన్న మిషన్‌లో, కాయితం మీద చేప డై, అంటే చేప ఆకారంలో పదునైన అంచున్న అచ్చు, పెట్టి పిడి తిప్పితే, డై అంచు ఎలా ఉంటే కాయితం అలా తెగుతుంది. ఆ తిప్పడానికే ఇప్పుడు చెయ్యి లేదు.

"నాను లేనా అమ్మీ? ఆ కాయితాలన్నీ నాకిచ్చీసి నువ్వెల్లి తొంగో," అన్నాడు దేముడు.

నీరజ ఇవ్వలేదు. నిజంగా పని తెలిసినవాడైతే ఇంతకన్నా అదృష్టం లేదు. వట్టి మాటలే అయితే, ఒక్క కాయితం పాడైనా మళ్ళీ కొందామంటే కొట్టువాడి దగ్గరే సరుకు లేదు. అందుకని, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు మావయ్యా అని నెమ్మదిగా కూపీ లాగింది.

అడగడమే ఆలస్యం. కుర్రతనంలో సెలవు రోజుల్లో చిత్‌పూర్‌లో ఓ కార్డుల కొట్లో పని చేశాట్ట. రోజుకి రెండొందలు కోసేవాట్ట. అంతవరకూ నమ్మబుద్ధే వేసింది నీరజకి. ఏ మందం కాయితం వాడేవారని అడుగుదామనుకునేలోపు ఆ రెండొందలు కాస్తా రెండు వేలయ్యాయి.

"టీ సల్లారకముందే రెండేలు. ఓపాలి మల్లెపూల కవరు కోసినాను. ఆ తరవాత ఏటైందో తెలుసా? తేనెటీగలొచ్చీసి కవరు మీద వాలిపోనాయి. పోస్టుమేను బయపడి ముట్టుకోనేదు. సర్లే అని సేప కార్డు కోసినాను, ఇదిగో ఇలాటిదే, పొలుసు పొలుసుకీ కోత. పోస్టు డబ్బాలో ఏసినానో లేదో, ఈ పేటలో పిల్లులన్నీ వొచ్చి డబ్బా సుట్టూ కూకున్నాయి. మూడు రోజులు లెగనేదు."

"పిల్లులకి మసాలా కూడా నువ్వే నూరీసినావా?" అంది టీ కొట్టు అప్పమ్మ.

"నువ్వుండెహె. అది సూసి గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానా నుంచి పెద్దాఫీసరొచ్చినాడు. దాదా, కొత్త ఓడని నీల్లలోకి దింపుతున్నాం, ఓడకి తగ్గ కార్డు కావాల అన్నాడు. నానేటి తక్కువోడినా? పాత ట్రాము పట్టాలు వొంచి డై సేసినాను. కాయితం మీద రోడ్డు రోలరు తోలించినాను. మిగిలిన ముక్కలు గాలికి లెగిసి మంచులాగ పడితే, ఎండాకాలంలో జనం స్వెట్టర్లు తొడిగీసుకున్నారు. ఆ తరవాత ఏటైందో తెలుసా? కార్డు తెరిసినాం. ఓ రేకు ఈ ఒడ్డున, ఓ రేకు హౌరా ఒడ్డున, మడత సరిగ్గా గంగ మజ్జిన. జనం కొత్త వంతెన అనుకుని ఎక్కీసినారు. బస్సులు కూడా నడిసినాయి అమ్మీ. నా మడత ఈసమెత్తు కదల్నేదు."

ఏ నంబరు బస్సు అని ఆటో నడిపే జయప్రకాశ్ ఆరా తీశాడు. అన్ని నంబర్లూ అన్నాడు దేముడు, తడుముకోకుండా.

నీరజ బస్సుల సంగతి వదిలేసింది. ఆమె చూపంతా ఆయన చేతుల మీదే ఉంది. పైపులు బిగించి బిగించి మొరటుదేరిన చేతులు, ఈ వయసులోనూ బలంగా ఉన్నాయి. ఇంత చెప్పినదాంట్లో గోరంతైనా నిజం ఉందో లేదో తెలుసుకోవాలని ఆమెకి మహా ఆత్రంగా ఉంది. పాత కేలండరు కాయితం ఒకటి మధ్యకి మడిచి, డైతో సహా ఆయన ముందు పెట్టింది. ఒక్క కార్డు కోసి చూపించమంది.

దేముడు చొక్కా చేతులు పైకి లాక్కున్నాడు. మడిచిన కాయితానికి నట్టనడుమ, నాలుగు వైపులా సమానంగా జాగా వదిలి, గోడకి పటం తగిలించినంత శ్రద్ధగా డై పెట్టాడు. పిడి ఒక్క ఊపున తిప్పాడు. శుభ్రంగా తెగింది. అందరికీ కనబడేలా చేపని పైకెత్తి తెరవబోయాడు.

రెండు చేపలు విడివిడిగా వచ్చాయి. మడత కాస్తా పారేసే తుక్కులో ఉండిపోయింది.

దేముడు కుడిచేతిలో చేపనీ ఎడమచేతిలో చేపనీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఆ కార్డు కూడా ఇలాగే కోసుంటే మావయ్యా, బస్సుల్లో ఉన్నోళ్ళందరూ గంగలో పడుండాల," అంది నీరజ.

అప్పమ్మ నవ్విన నవ్వుకి చేతిలో టీ సగం ఒలికిపోయింది. జయప్రకాశ్ స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు. దేముడు నవ్వలేదు, కోప్పడనూ లేదు. అనేశాక నీరజకే మనసు చివుక్కుమంది. ఆయన రెండు చేపల్నీ వీపుకి వీపు ఆనించి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు.

"మరెక్కడ పెట్టాల అమ్మీ?" అన్నాడు.

ఈ మనిషి ఒకరిని ఏదైనా అడగడం ముప్ఫై ఏళ్ళలో అప్పమ్మ ఎప్పుడూ వినలేదు. నవ్వడం మానేసింది.

నీరజ అసలు కాయితాల్లోంచి ఒకటి తీసి మడిచింది. ఎడమచేత్తోనే డైని జరిపి, చేప వీపు మడత దాటి కొంచెం బయటికి వచ్చేలా, అక్కడ మడత తెగకుండా నిలిచేలా పెట్టింది.

"ఇక్కడ," అంది. "ఇప్పుడు తిప్పు."