ఆపరేటర్ బాబాయ్ సొంతంగా బిగించిన మిషను

సినిమా హాలు మూతపడి చాలా కాలమైనా మా వీధిలో ఆయన్ని అందరూ ఆపరేటర్ బాబాయ్ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపిన మనిషి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి టీ కొట్టు బెంచీ మీద టైలర్ పక్కన కూర్చున్నాడు, ఒళ్లో గుడ్డసంచి. అందులో అల్లుడు కొనిపెట్టిన చిన్న కంప్యూటర్ పెట్టె ఉంది, టీవీకి తగిలించి సినిమాలు చూసుకునేది. నచ్చకపోతే వాపసు పంపడానికి ఆ రోజే ఆఖరు. కొరియర్ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. దారిలో టీ కోసం ఆగాడు, ఆగాక నోరు ఊరుకోలేదు.

"చూడవోయ్ టైలరూ, మా అల్లుడు మంచివాడే, నేను కాదనను, కానీ ఈ పెట్టె చూశావా, అరచేయంత ఉంది, నాలుగు పక్కలా మూసేసి ఉంది, తెరుద్దామంటే ఒక్క మర కనపడదు, పాడైతే ఏం చేయాలయ్యా అంటే కొత్తది కొనుక్కోవాలి మామయ్యా అంటాడు. మిషను పొట్ట తెరిచి చూసుకుంటూ ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి, తెరవడానికి వీల్లేని పెట్టె నా ఇంట్లో ఉంటుందా? ఉండదు. విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించుకుంటానన్నాను. ఈ వయసులో ఎందుకు మామయ్యా, మీ చేతులు ఇదివరకట్లా ఉండవు కదా అని నసిగాడు. అదిగో, ఆ చేతుల మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. మీ పిన్ని మాత్రం ఒకటే చెప్పింది, ఏ పెట్టె ఉంచుతారో మీ ఇష్టం, సాయంత్రమయ్యేసరికి నా సినిమా నాకు ఆడాలి అని."

"మరి బిగించారా?" అన్నాడు టీ కొట్టాయన.

"బిగించారా అంటావేంటయ్యా. ఒక్క స్క్రూడ్రైవర్. పుస్తకమేదో ఇచ్చారు, అట్ట కూడా తిప్పలేదు. వారం కిందట పొద్దున కూర్చున్నాను, భోజనానికి లేచేసరికి అయిపోయింది. అదేం గొప్ప కాదు, చేయి తిరిగినవాడెవడైనా చేస్తాడు. అసలు సంగతి దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. టీవీ పక్కన పెట్టమంటాడు అల్లుడు. ఏ ఆపరేటరైనా జనం మధ్యలో మిషను పెడతాడా? వెనక సామాన్ల గదిని కేబిన్ చేశాను, గోడకి కన్నం కొట్టాను. వైరు పట్టేంత చాలు మామయ్యా అన్నాడు, నేను తల పట్టేంత కొట్టాను. జనం ముఖాలు చూడకుండా బొమ్మ ఎలా వేస్తాం?"

"జనమంటే పిన్ని ఒక్కరే కదా."

"ఒక్కరున్నా ఆట ఆటేనయ్యా టైలరూ. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆరు ఫ్యాన్లు పెట్టాను దానికి. స్విచ్ వేయగానే కన్నంలోంచి గాలి కొట్టి హాల్లో కర్టెన్లు పైకప్పుకి అంటుకున్నాయి. పక్కింటావిడ తడిబట్టలు తెచ్చి మా సోఫా మీద పరిచింది, పావుగంటలో ఎండి ఇస్త్రీ కూడా అయిపోయాయి."

"ఇస్త్రీ ఎలా అవుతుంది బాబాయ్?"

"వేడి గాలి. బట్టలతో బతికేవాడివి, ఇస్త్రీ సంగతి నాతో చెప్పించుకుంటున్నావు."

అప్పుడే కంప్యూటర్ సామాన్ల షాపతను వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. బాబాయ్ విడిభాగాలు కొన్నది అతని దగ్గరే. ఏదో చెప్పబోయాడు గాని, బాబాయ్ చేయి అడ్డం పెట్టి ఆగమన్నాడు.

"ఇక వేగం. సినిమా మీద నొక్కానో లేదో అయిపోయింది, మీ పిన్ని ఇంకా కూర్చోనేలేదు. పగ్గం వేసి కాస్త తగ్గించాను, అయినా దూకుడు చావలేదు, ఇంటర్వెల్ ముందొచ్చి పేర్లు తర్వాత పడ్డాయి. ఇంకా బిగబట్టి దారికి తెచ్చాను. అప్పుడు పడిందయ్యా బొమ్మ. ఒక పాత సినిమా, మా హాల్లో వంద రోజులు ఆడింది, నాలుగొందల ఆటలు నేనే వేశాను. నాలుగొందల సార్లూ ఆ తల్లి చచ్చిపోయింది. డాక్టరొస్తాడు, నాడి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. మొన్న అదే సినిమా నా మిషన్ మీద వేస్తే, బొమ్మ ఎంత తేటగా ఉందంటే, డాక్టరు అలా వంగాడో లేదో జబ్బు కనపడిపోయింది. చీటీ మీద మందు రాశాడు, ఆ రాత మేము కూడా చదవగలిగాం. ఆవిడ లేచి కూర్చుని మంచినీళ్లడిగింది. ఇంక కొడుక్కి పగెందుకు? విలన్ వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడి, చేసేదేం లేక వెళ్లిపోయాడు. ఏడుద్దామని రుమాలు పట్టుకు కూర్చున్న మీ పిన్ని అలాగే ఉండిపోయింది. అదీ చేత్తో బిగించడమంటే. ఈ అరచేతి పెట్టెకి చేతనవుతుందా ఇది? అందుకే తిప్పి పంపేస్తున్నాను."

"ఇప్పుడైనా నన్ను చెప్పనిస్తారా బాబాయ్?" అని షాపతను జేబులోంచి చిన్న ప్యాకెట్ తీసి బెంచీ మీద పెట్టాడు. "ఇది ప్రాసెసర్, కంప్యూటర్‌కి మెదడు. మీ సామాన్లు కట్టేటప్పుడు నా సొరుగులో ఉండిపోయింది, తప్పు నాదే. పొద్దున చూసుకున్నాను, ఇప్పుడు మీ ఇంటికెళ్తే మీరిటే వచ్చారన్నారు. ఇది లేకుండా ఫ్యాన్లు తిరిగితే తిరుగుతాయేమో గాని టీవీ మీద ఒక్క చుక్క కూడా పడదు."

టీ కొట్టాయన గిన్నె దించి అలాగే నిలబడ్డాడు. టైలర్ సంచి వైపు చూశాడు.

"మరి ఈ వారమంతా పిన్ని సినిమా దేంట్లో చూశారు బాబాయ్?"

బాబాయ్ ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వారం రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలో బరువు దిగినట్టనిపించింది.

"అయితే బిగింపులో తప్పు లేదన్నమాట," అన్నాడు మెల్లగా. "రోజూ ఊడదీసి మళ్లీ బిగిస్తున్నాను. చేతులే పోయాయనుకున్నాను."

"పిన్ని మీ కేబిన్ చూపించారు. ఒక్క మర వదులు లేదు, ఒక్క వైరు వంకర లేదు. మా షాపులో కూడా అంత బాగా బిగించరు."

బాబాయ్ ఆ మాట పూర్తిగా విన్నాడు. తర్వాత ప్యాకెట్ జేబులో వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని లేచాడు. కొరియర్ ఆఫీసు వైపే అడుగేశాడు.

టైలర్‌కి కంగారు పుట్టింది. "ముందు ఇంటికెళ్లి అది నడుస్తుందో లేదో చూసుకోండి బాబాయ్. ఈ పెట్టె కూడా పోతే సాయంత్రానికి పిన్నికి ఏం చూపిస్తారు?"

"మెదడు లేకుండానే డాక్టరు జబ్బు కనిపెట్టాడయ్యా," అన్నాడు బాబాయ్ వెనక్కి తిరక్కుండానే. "ఇవాళ ఆపరేషన్ చేస్తాడు. ఆరింటికి ఆట, వచ్చి చూడండి."