ఆట అయిపోయిందా లేదా

ఏం రామకృష్ణా, మొగం అట్ల పెట్టుకున్యావు? మ్యాచి నిల్చిపోయిందా? వానకా? సరే, ఇట్ల వచ్చి కూచో. వానకు మ్యాచి నిల్చిపోతే మనుషులు ఎట్లెట్ల అయిపోతారో నాకు తెలుసప్పా. నవ్వుతావేంది, నేను గూడా ఫుట్‌బాలు చూసినోడినే. కర్నూల్లో, బొజ్జన్న జతలో చూసిన. బొజ్జన్న ఎవరంటే నీకేం తెలుస్తాది, మీ నాయన పుట్టకముందు ముచ్చట. కోడుమూరు పక్కన మా పాత ఊర్లో మా ఎదురింటాయప్ప. నాకంటే పెద్దోడు, నేను అన్నా అంటాంటి. శానా పొడుగు మనిషి. మాట తక్కువ. ఊర్లో ఉన్నంతసేపు ఆయప్ప గొంతు ఎట్లుంటాదో గూడా తెలీదు. ఆట కాడికి పోతే మాత్రం, అబ్బ, ఆ గొంతు యాడ దాచిపెట్టుకున్యాడో అనిపిస్తాండె. గోలు కాడ నిలబడినోడు బాలును ఇడిసిపెట్టి ఈయప్ప దిక్కు చూస్తాడన్న మాట. సేద్యం చేసుకునేటోనికి ఫుట్‌బాలు పిచ్చి ఎట్ల పట్టిందని అడుగుతావా? కర్నూలు రాజధాని అయిండ్లేదా అప్పట్లో, ఆఫీసులన్నీ గుడారాల్లో పెట్టిరి, అధికార్లు వచ్చి ఎండకు మాడిపోయిరి పాపం. కొత్తగా లేపే కట్టడాలకు రాయి, కట్టె తోలేదానికి పల్లెల నుంచి బండ్లు పిలిపించిరి. బొజ్జన్న తన ఎద్దుల బండి కట్టుకొని పోయె. పగలంతా రాయి తోలేది, పొద్దు వాలితే ఎద్దులకు మేతేసి, బురుజుకు అవతల మైదానంలో ఆట చూసేది. అట్ల పట్టింది. తాగుడు పట్టలేదు, పేకాట పట్టలేదు, మంచిదే గదా. ఏ పిచ్చైనా మనిషి చేతిలో ఉండల్ల, మనిషి దాని చేతిలో ఉండగూడదు. ఆ.

ఏం చెప్తాంటి? ఆ, వాన. ఆ యేడు వాన లేదప్పా. అంతకు ముందు యేడు గూడా లేదు. మృగశిర పాయె, ఆరుద్ర పాయె, పునర్వసు పాయె. ఆడోళ్లు కప్పను రోకలికి కట్టుకొని ఇల్లిల్లూ తిరిగిరి. కప్ప మీద చెంబెడు నీళ్లు పోయల్ల గదా, మా ఊర్లో ఆ నీళ్లకు గూడా కరువే, దోసిట్లో తెచ్చి చిలకరించిరి. కప్పకే తడి తగలకపోతే ఆకాశాన ఉన్న మోడానికి యాడ తగులుతాది. గడ్డివామి అడుగు కనపడింది. బొజ్జన్న ఎద్దులు, తెల్లవి, జత అంటే జతే, ఒకటి తల తిప్పితే రెండోది గూడా తిప్పుతాండె. వాటి పక్కటెముకలు కనపడబట్టె. బొజ్జన్న పెండ్లాం భీమక్క ఒకనాడు అన్యాదంట: మనం నోరున్నోళ్లం, ఆకలంటే అడుక్కోనన్నా తింటాం, నోరు లేనివాటిని గాటిపాటకు కట్టేసి సంపే పాపం నాకొద్దు, యాడన్నా మేత ఉన్న దిక్కుకు అమ్మేయ్ అని. ఆయమ్మ అన్నదాంట్లో తప్పేముండాది. కానీ ఎద్దులు పోతే సేద్యగాడు ఏమైతాడో నీకు తెలీదప్పా, మీకు ట్రాక్టర్లు వచ్చినాయి. వాన పడినాంక నేల పదును మీదుండేది నాలుగు దినాలు. ఆలోపల గొర్రు కట్టి ఇత్తల్ల. ఎద్దులు లేనోడు ఉన్నోని కాడికి పోయి అడుక్కోవల్ల. ఉన్నోడు తన చేను ఇత్తుకొని, తన అన్న చేను ఇత్తి, తన బావ చేను ఇత్తి, అప్పుడు ఇస్తాడు. అప్పటికి పదును ఆరిపోతాది. అంటే ఆ యేడు కూలికి పోవల్సిందే.

సరే, ఎద్దులు తోలుకొని కర్నూలు సంతకు నడిచిపోతిమి, నేను తోడు. ఆ పొద్దే ఆట. కర్నూలు జట్టుకు, కడప జట్టుకు. కప్పు ఎన్నేండ్ల నుంచో కడపలోనే కాపురం పెట్టిండె, ఈసారన్నా దాన్ని తెస్తారని ఊరంతా మాట. ఆట కోసమే సంత దినం చూసుకొని బయల్దేరినాడా అని అడిగితే బొజ్జన్న ఎద్దులను అదిలించి ముందుకు నడిచె. సంతలో ఎద్దులను తిమ్మయ్య అనేటాయప్ప చూసె. బద్వేలాయప్ప. కడప జట్టు వెనక లారీలో వచ్చిన జనంలో ఒకడు. వాళ్ల దిక్కు వాన పడిందంట, ఈయప్పకు ఒక ఎద్దు కాలిరిగిందంట, ఆట చూసినట్టూ ఉంటాది ఎద్దులు కొన్నట్టూ ఉంటాదని వచ్చినాడు. ఎద్దులను నడిపించుకొని పోయేదానికి మనిషిని గూడా తెచ్చుకున్యాడు. పండ్లు చూసె, వీపు నిమిరె. మంచి చెయ్యే, ఎద్దు బెదరలేదు. తువ్వాల కింద చేతివేళ్లు పట్టుకొని బేరం ఆడిరి, కుదిరె, దుడ్లు పగ్గం చేతికొచ్చినాంక అనుకునిరి. మన దిక్కు పద్ధతి ఏందంటే, పగ్గం చేతిలో పెట్టేదాకా బేరం తెగినట్టు కాదు. పగ్గం ఇచ్చినాంక అమ్మినోడు ఎనక్కి తిరిగి చూడగూడదు. బొజ్జన్న పగ్గం ఇయ్యబోయి, ఎందుకో ఇయ్యలేకపాయె. ఆట అయిపోయినాంక నీ చేతిలో పెడతాలే తిమ్మయ్యా, అంతవరకు నా ఎద్దులే అనుకోనీ అన్యాడు. తిమ్మయ్య నవ్వి, కానీలేప్పా, మీరు ఓడిపోయినాంకే ఇద్దువులే అనె. నా ముందరే అన్న మాట ఇది, టీ అమ్మే మహబూబ్ సాబు గూడా పక్కనే ఉన్యాడు.

ఎద్దులను మైదానం పక్కన తుమ్మచెట్టుకు కట్టేసి ఆటలో కూచుంటిమి. ఆ పొద్దు మనోళ్లు ఆడిన ఆట, ఏమని చెప్పేది. సగం ఆట కాకముందే ఒక గోలు ఏసిరి. బొజ్జన్న ఏసిన కేకకు ఎద్దులు అట్ల చెవులు నిక్కబెట్టె. తిమ్మయ్య మాకు ఎదురు దిక్కున వాళ్లోళ్ల మధ్యన తలకాయ పట్టుకొని కూచున్యాడు. ఇంగ ఆట ముగిసేదానికి కొంచెమే ఉండాదనంగా పడమట నుంచి గాలి లేసింది. దుమ్ము. దాని ఎనకాలే మట్టి వాసన. అది వచ్చినాంక బాలును చూస్తాండేటోళ్లలో సగం మంది ఆకాశం చూడబట్టిరి. ఒక చినుకు, రెండు చినుకులు, ఆపైన కడవలతో గుమ్మరించినట్టు. బాలు నీళ్లలో కూచుండిపాయె, తన్నితే నీళ్లే లేస్తాండె గానీ అది కదల్లేదు. రిఫరీ బళ్ళారి నుంచి వచ్చినాయప్ప, శానా సేపు ఓపికపట్టి ఈల ఊదె. ఆట రద్దు, ఈ గోలు లెక్కలోకి రాదు, నేల ఆరినాంక మొదట్నుంచి మల్ల ఆడల్ల అన్యాడు.

అప్పుడు చూడల్ల జనాన్ని. కర్నూలు టౌనోళ్లు ఈల లాక్కునేదానికి ఉరికిరి. కడపోళ్లు లారీ ఎక్కి గంతులేసిరి, వానదేవుడు మా ఊరోడే అంటా. పల్లెలోళ్లు, మా అసుంటోళ్లు, తిట్టల్లో నవ్వల్లో తెలీక తడుచుకుంటా నిలబడిరి. ఒక ముసిలాయప్ప నోట్లో రిఫరీని తిడతాండాడు, అరిచేతులు మాత్రం ఆకాశానికి పట్టినాడు, నీళ్లు తాగుతా తిడతాండాడు. ఒకడు, చదువుకున్నోడే, ఈ పాడు వాన ఇప్పుడే రావల్లనా అనె. పక్కనున్నాయప్ప వాని నెత్తిన ఒకటి పీకి, నోరు కడుక్కో, వాన నీళ్లతోనే కడుక్కో అని కడిగించె. మంచి పని చేసె. వానను అనగూడదు. బొజ్జన్న మాత్రం లేసి చెట్టు కాడికి పాయె.

ఆడికి తిమ్మయ్య వచ్చి చెయ్యి చాపె. బొజ్జన్న పగ్గం ఇప్పె. ఇప్పుడు ఇస్తే ఎట్లప్పా. వాన పడతాండాది, ఇంటి కాడ చేను తడుస్తాంటాది, ఈయప్ప ఎద్దులను ఇచ్చేస్తాండాడు. అప్పుడు మహబూబ్ సాబు నెత్తిన గోనెసంచి ఏసుకొని మధ్యలోకొచ్చె. ఆగుండప్పా, మీ మాట ఏంది, ఆట అయిపోయినాంక అని గదా, ఏం తిమ్మయ్యా, ఆట అయిపోయిందా అనె. తిమ్మయ్య అయిపోయింది గదా అనబోయె. సాబు వదల్లేదు. అయిపోయిందంటే ఒక గోలుతో మా కర్నూలు గెలిచినట్టు, అను ఒక మాట, అందరూ ఇంటారు. జనం చుట్టుకునిరి. కడపోళ్లు లారీ మీద నుంచే, రేయ్ తిమ్మయ్యా, ఎద్దుల కోసం ఊరి మానం తీయొద్దురా అని అరిచిరి. తిమ్మయ్య చెయ్యి దించె. బొజ్జన్న మొగం చూసి అనె:

"నేను చెప్పనప్పా. నువ్వే చెప్పు. అయిపోయిందంటివా, పగ్గం ఇయ్యి, మేం ఓడిపోయినామని మా ఊర్లో నేనే చెప్తా. కాలేదంటివా, ఎద్దులు తోలుకొని పో."

చూసినావా ఎంత పనిబెట్టినాడో. ఎద్దులు కావల్లంటే కర్నూలు గెలవలేదని బొజ్జన్న తన నోటితో అనల్ల. అందరికంటే ఎక్కువ అరిచిన నోరు అది. చుట్టూ మనోళ్లు, అయిపోయిందను బొజ్జన్నా, ఎద్దులు మల్ల కొనుక్కోవచ్చు, కప్పు మల్ల రాదు అంటాండ్రి. అన్నోళ్లంతా టౌనోళ్లే, చేను లేనోళ్లు. చేను ఉన్నోడు ఒక్కడూ నోరు తెరవలేదు. నేను గూడా తెరవలేదు, అది ఆయప్ప చెప్పల్సిన మాట. ఎద్దులు తడిసి వీపులు ఆవిరి కక్కుతాండె. బొజ్జన్న ఏందో అనె, ఎవరికీ ఇనపడలేదు. ఏమంటివి అని అడిగిరి.

"కాలేదప్పా. రిఫరీ లెక్కలేదన్యాడు. లెక్కలేదంటే లేనట్టే."

ఇంగ తిట్లు. ఎద్దులకు ఊరిని అమ్మినోడని ఒకడు, ఈని నోట్లో కేకలన్నీ ఉత్తవే అని ఒకడు. బురద ఎత్తి ఏసిరి గూడా. ఆయప్ప ఎద్దులను తోలుకొని బయల్దేరె, నేను ఎనకాలే. దారంతా వాన, హంద్రి ఏరు పారే సద్దు ఇనపడతాండాది. శానా దూరం నడిచినాంక నేనే అంటి, అన్నా బాధపడొద్దు, నువ్వు చెప్పింది నిజమే గదా అని. నిలబడె.

"నిజమేలేప్పా. కానీ నేను నిజం కోసం చెప్పలేదు. ఎద్దుల కోసం చెప్పిన. నిజం ఊరికే పక్కన నిలబడిండె."

అట్ల అని మల్ల నడిచె.   కొంచెం దూరం పోయినాంక, ఆట మల్ల పెడతారు గదా, అప్పుడు అయిపోతాదిలే అన్యాడు. ఆట గురించే అనుకుంటి నేను.

ఆ పదునుకు చేను ఇత్తినాడు. ఆయప్పది అయినాంక నాది ఇత్తె, ఎద్దులు లేని ముండమోసిన ఆయమ్మ ఒకామె ఉంటే ఆమెది గూడా ఇత్తె. అడిగినోళ్లకు లేదనలేదు, రాత్రి పగలు లేకుండా ఇత్తబట్టె. ఎద్దులు ఎక్కడికో పోతాయన్నట్టు ఎందుకీ తొందర అని భీమక్క నన్నడిగె. మల్లొక వారం పోయినాంక ఆట పెట్టినారని తెలిసె. తెల్లారి చూస్తే ఎద్దులను కడిగి, కొమ్ములకు నూనె రాసి, కర్నూలు దావ పట్టినాడు. నేను ఉరికి పట్టుకొని, ఏందన్నా ఇది, చేను మొలకెత్తినాంక గుంటక తోలేదానికి ఎద్దులు వద్దా అంటి. ఆట అయిపోయినాంక ఇస్తానంటి గదప్పా అన్యాడు. అంతే. నేను గూడా జతలో పోతి. ఆ యేడు గుంటక పనికి ఆయప్ప, భీమక్క చేత్తోనే కలుపు తీసుకునిరి, నడుములు ఇరిగేటట్టు. అది తర్వాత ముచ్చట.

అదే మైదానం, అదే తుమ్మచెట్టు. మనోళ్లు ఎవరూ బొజ్జన్నను పలకరించలేదు. ఆయప్ప గూడా లోపలికి పోలేదు, ఎద్దుల కాడనే కూచున్యాడు. ఒక్క కేక ఎయ్యలేదు. రిఫరీ ఆఖరి ఈల ఊదినాంక తిమ్మయ్య బయటికొచ్చె, ఈయప్పను చూసి నిలబడిపాయె. బొజ్జన్న పగ్గం ఆయప్ప చేతిలో పెట్టె. తిమ్మయ్య పగ్గం పట్టుకోకనే, నేను అడగలేదు గదప్పా అన్యాడు. నువ్వు అడగలేదు, నేను చెప్పింటి అనె ఈయప్ప. తిమ్మయ్య అప్పుడు పగ్గం మీద వేళ్లు మూసి, దుడ్లు చేతిలో పెట్టె. బొజ్జన్న తిరిగి చూడకుండా నడుచుకుంటా వచ్చేసె.

ఏంది? ఎవరు గెలిచినారా? ఆ పొద్దు ఆటలో ఎవరు గెలిచినారో నాకు తెలీదప్పా. నేను ఆట చూడలేదు, ఆయప్ప చేతినే చూస్తాంటి.

లెయ్యి, మీయమ్మ అన్నానికి పిలుస్తాండాది.