రెండు సీసాల నీళ్ళు

దీక్షిత్, సృజనా, టీవీ ఆపి ఇలా కూర్చోండి. మీ అమ్మని అలా అనొచ్చా దీక్షిత్? "నీ టెస్టే తాతయ్యని చంపేసింది" అని? తల దించుకోకు నాన్నా, తిట్టనులే. ఇంగ్లీషులోనే చెప్పు, నాకర్థమవుతుంది.

ఊఁ, కోపంలో అన్నావు. సరే, విను. సైన్సు టీచరైన ఈ అమ్మమ్మకి మనవడివి, తెలియకుండా మాట్లాడకూడదు.

తాతయ్య తోట ఆ క్రీక్, అదే మన వాగు, పక్కనే కదా? టమాటా ఆకులకి మచ్చ తెగులొస్తే మందు కొట్టేవారు. ఈమధ్య క్రీక్‌లో కప్పలు అరవడం లేదని కనిపెట్టిందీ ఆయనే. ఎగువన లాన్ల కోసం గడ్డి పెంచి అమ్మే ఫారం ఉంది కదా, వాళ్ళ మీద ఆయనకి అనుమానం. తోటకి పైనొక సీసా, కిందొక సీసా నీళ్ళు పట్టుకొచ్చి, "శ్రావ్యా, నీ ల్యాబులో వీళ్ళ పని పట్టమ్మా!" అన్నారు. ఎంత సంబరమో, కూతురి ఉద్యోగం తనక్కూడా పనికొస్తోందని.

ల్యాబులో ఏం చేస్తారు? ఆ నీళ్ళలో రెండు రసాయనాలు కలుపుతారు. కలవగానే సన్నటి నీలం వెలుగొస్తుంది. మంటా ఉండదు, వేడీ ఉండదు. మిణుగురు పురుగుని చూశావా? ఓ, ఈ దేశంలో చూడలేదు కదూ. పోనీలే. మీ అమ్మ చేసే పద్ధతిలో, నీళ్ళలో తెగులు మందుంటే ఆ వెలుగు పెరుగుతుంది. ఆ తేడా మన కంటికి ఆనదు. చీకటి పెట్టెలో మెషీన్ చూసి చెబుతుంది.

పై సీసాలో వెలుగు పెరగలేదు. కింది సీసాలో పెరిగింది. మధ్యలో ఏముంది సృజనా? చెప్పు.

ఆఁ. మన తోటే.

మందు కొట్టాక తాతయ్య స్ప్రేయర్ క్రీక్‌లో కడిగేవారు. అక్కడ మన దేశంలో, మా డెల్టా ఊళ్ళో, అందరం కాలవలోనే కడిగేవాళ్ళం తల్లీ. పారే నీళ్ళు కదా, పోతుందిలే అనుకునేవాళ్ళం. ఎక్కడికి పోతుందని ఎవరడిగారు?

అమ్మ నమ్మలేక మళ్ళీ మళ్ళీ చేసి చూసింది. చివరికి భోజనాల దగ్గర చెప్పింది, "నాన్నా, మందు మనదే" అని. ఆయన కలిపిన అన్నం అలాగే వదిలేశారు. "అయితే కప్పల్ని చంపింది నేనా?" అన్నారంతే.

మర్నాడు ఆ మండుటెండలో, నాతో కూడా చెప్పకుండా, మొక్కలన్నీ పీకెయ్యడానికి వెళ్ళారు. సగం పీకారు. అక్కడే గుండె ఆగిపోయింది.

ఇందులో మీ అమ్మ తప్పేముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇప్పుడు చూడు, ల్యాబుకి వెళ్ళడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది. వెళ్ళి పక్కన కూర్చో నాన్నా. సారీ చెప్పకపోయినా ఫరవాలేదు.

నేనా? నేను... వెళ్తాను, రోజూ ఆ తలుపు దాకా. "నీ తప్పు లేదమ్మా" అని చెబుదామనే వెళ్తాను. తలుపు తట్టకుండానే తిరిగొచ్చేస్తాను. జీవితమంతా పిల్లలకి నిజమే చెప్పాలని నేర్పినదాన్ని! ఆ ఒక్క పూటా అబద్ధం ఆడకూడదా శ్రావ్యా, ఆయన చల్లగా ఉండేవారు కదా అనిపిస్తుంది.

నువ్వు పైకి అనేశావు దీక్షిత్. నేను లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఏడవకండి. లేవండి, అమ్మ దగ్గరికి వెళ్ళండి. వాషింగ్ మెషీన్‌లో బట్టలు తడిగానే ఉండిపోయాయి, వాసనొస్తాయి. ఆరేసి వస్తాను.