దాంపత్యం మీద మాత్రం వద్దు

నవ్వకండి అన్నయ్యగారూ. అసలు తప్పంతా మీదే. మీరు అచ్చు వెయ్యడం మానేస్తే మా ఆయన రాయడం మానేస్తారు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా మీకు తట్టలేదా?

టీ ఏమీ వద్దు. సరే, తెప్పించండి. ఆయన లేచేలోపల బయటపడాలని ఏమీ తాగకుండానే వచ్చేశాను.

మీకేమండీ, చేతికొచ్చేది రాతప్రతి. శుభ్రంగా, మార్జిను వదిలి, కుట్టి మరీ ఇస్తారు. అది తయారయ్యేదెక్కడ? మా ఇంట్లో. నా నెత్తిమీద.

పాస్టరు చదువుల సెమినరీలో పాఠాలు చెప్పుకున్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. దేవుని స్వభావం గురించి ఆ లావుపాటి పుస్తకం రాశారు చూడండి, పాపం ఎవరూ చదవలేదు, ఎవరికీ నష్టమూ లేదు. ఆధ్యాత్మిక జీవితం మీద చిన్న చిన్న పుస్తకాలు రాయమని సలహా ఇచ్చిందెవరు? ఆ, మీరే! అప్పుడే ఆయన నియమం పెట్టుకున్నారు, అనుభవించనిది ఒక్క వాక్యం కూడా రాయనని. ఆయన అనుభవించడమంటే ఏమిటనుకున్నారు? ఇంటిల్లిపాదీ అనుభవించడం.

మౌనం మీద రాసినన్నాళ్లూ నోరు విప్పలేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే పక్కనే నిలబడి చూశారు. చూసి, కాగితం ముక్క వెతుక్కుని, ‘పాలు పొంగుతున్నాయి’ అని రాసి, వెనక గదిలో బట్టలు మడతపెడుతున్న నా చేతిలో పెట్టారు. కింద సంతకం కూడానండీ! ఎవరు రాశారో నాకు తెలియదని కాబోలు.

క్షమాపణ పుస్తకం సంగతి ఇంకా ఘోరం. క్షమించాలంటే ఎవరో ఒకరు తప్పు చెయ్యాలి కదా? ఇంట్లో ఎవరున్నారు? రోజూ సాయంత్రం వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, “నిన్ను క్షమించాను” అనేవారు. “నేనేం చేశానండీ?” అంటే, “అది నీకూ దేవుడికీ మధ్య” అనేవారు.

తర్వాత వినయం. చర్చిలో ముందు కూర్చోనని తలుపు పక్కన ఆఖరి బల్ల ఎక్కారు. జనమంతా వెనక్కి తిరిగి ఈయన్నే చూడటం! పాస్టరుగారు పాపం మా వీపులకి ప్రసంగం చేసుకున్నారు. “నాన్న ముందు కూర్చుంటేనే నయం, ఎవరికీ కనబడరు” అంది మా అమ్మాయి.

సరే, అవన్నీ పడ్డాను. మొన్న మీరు ఏకాంతం మీద రాయమన్నారా? కొండమీద ధ్యానమందిరంలో నెల్లాళ్లు ఒంటరిగా ఉంటానని సంచీ సర్దుకుని వెళ్లారు. నేనే సర్దాను లెండి. చేరిన గంటకే ఫోను, తువ్వాలు ఎక్కడ పెట్టావని. మళ్లీ ఫోను, ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉందని. మరి దేనికి వెళ్లినట్టు మహానుభావా? వారం తిరక్కుండా వచ్చేశారు. ఏకాంతానికి తనకి దేవుడి పిలుపు లేదట!

అక్కడితో ఊరుకున్నారా? ఇక దాంపత్యం మీద రాస్తానని నిన్న ప్రకటించారు. నేను కూర తరుగుతుంటే ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని, “నువ్వు మామూలుగా ఉండు” అన్నారు. మనిషి ఎదురుగా కళ్లప్పగించి చూస్తుంటే మామూలుగా ఎలా ఉంటామండీ? వేలు తెగింది. ‘బాధను మౌనంగా భరించును’ అని రాసుకున్నారు. ఎక్కడి మౌనం, ఆయన్ని నానా మాటలూ అంటేనూ!

దణ్ణం పెడతాను, ఈ పుస్తకం వద్దనండి. పరలోకం మీద రాయమనండి, నరకం మీద రాయమనండి. ఏమిటీ, ముందు అనుభవించి రావాలి కదా అంటారా? ఛ, ఊరుకోండి, అవేం మాటలు!

బాగా అమ్ముడవుతుందా? అవుతుంది, నాకు తెలుసు. ముక్కూ మొహం తెలియనావిడ చర్చిలో నన్నాపి, “పాలు పొంగబెట్టింది మీరేనా?” అని అడుగుతుంది. నా వంటగది ఆ పుస్తకాల్లో ఉంది, నా కోపం ఉంది, మా అమ్మాయి మొండితనం ఉంది. మా ఇద్దరి మధ్యా ఉన్నదొక్కటే ఇంకా అచ్చెక్కలేదు. అదైనా నాకు మిగలొద్దా? తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఏమన్నారు? ఆయన లేనన్నాళ్లూ హాయిగా ఉన్నానా అనా? ఉండకేం! కాళ్లు చాపుకుని కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ‘ఇప్పుడు నీ మనసులో ఏముంది’ అని పక్కనుంచి అడిగేవాళ్లు లేరు. ఎంత బాగుందో!

ఓ రెండు రోజులు బాగుంది. తర్వాత... ఇల్లంతా బోసిగా... సరే, మీ దగ్గర దాపరికమేమిటి. “ప్రభువా, నాకు ప్రశాంతతా వద్దు, పాడూ వద్దు, ఆ మనిషిని ఇంటికి పంపించెయ్” అని అడిగాను. ఆమేన్ అని కళ్లు తెరిచానో లేదో, గుమ్మంలో ఉన్నారు. “ఆకలేస్తోంది” అన్నారు. నా సంతోషం ఎక్కడ బయటపడుతుందో అని, ఎందుకొచ్చారని గట్టిగా కసిరాను.

ఇది ఆయనకి తెలిసిందంటే ఇంకేమైనా ఉందా? మొదటి అధ్యాయం ఇదే!

అదేమిటన్నయ్యగారూ, కలం తీశారేమిటి? కింద పెట్టండి. పెట్టమంటున్నానా!

హుఁ. మీరు ఆయనకి తగ్గ వాళ్లే. రాస్తే రాసుకున్నారు గానీ, కసిరానని మాత్రం రాయకండి. పరిగెత్తుకెళ్లి సంచీ అందుకున్నానని రాయండి.