జీలకర్ర పొట్లంలో పోయిన హంతకుడు

"నాయనమ్మా, ఈ సీరియలు ఏదో డిటెక్టివ్ నవల్ని బట్టి తీశారంట. నువ్వా నవలలన్నీ చదివావంట గదా. చదివితే బాగుంటదా, టీవీలో చూస్తే బాగుంటదా?"

ఉండుండు, ముందు ఆ టీవీ కట్టెయ్యి శ్రావణీ. ఇట్టా వచ్చి కూర్చో. నన్నడిగితే చదవటమే. టీవీలో ఏందంటే, ఎవడో తలుపు చాటునుంచి తొంగిచూస్తాడు, డం డం అని మ్యూజిక్ కొడతారు. ఇంక అయిపాయె, వీడి మీద అనుమానపడండని వాళ్ళే చెప్పేస్తిరి. పుస్తకంలో మ్యూజిక్ ఉండదు గదా, మనంతట మనమే భయపడాల. అయినా టీవీని తీసిపారెయ్యన్లే. అట్టాంటి సీరియలే మా అత్తగారి నోటెంట ఒక మాట పలికించింది. అదే, మీ తాతయ్య వాళ్ళమ్మ. నువ్వు చూళ్ళేదు ఆవిణ్ణి.

నాది రాజుపాలెం గదా. పెళ్ళయ్యి నరసరావుపేట వచ్చేసరికి పంతొమ్మిదేళ్ళు... కాదు, పద్దెనిమిదే. వీళ్ళది కిరాణా కొట్టు, ఇల్లు కొట్టు వెనకమాలే. పొట్లాలకని పాత పేపర్లు, పాత పుస్తకాలు తూకానికి కొనేవోళ్ళు. ఈ కవర్లు యాడియ్యి అప్పుడు? ఆవాలు, జీలకర్ర, అన్నీ పొట్లాలే. ఆ పుస్తకాల్లో డిటెక్టివ్ నవలలు తెగొచ్చేయి. బజార్లో అద్దెకి తెచ్చుకుంటే రోజుకి పావలా, నాకేమో ఊరికే. కాకపోతే చింపేలోపల చదవాల, అదీ తంటా. కొంగు కింద పెట్టుకొని వంటింట్లోకి పట్టకపొయ్యేదాన్ని.

మా అత్తగారంటే కొట్లో గుమాస్తాకి గూడా హడలు. అంత గట్టి మనిషి. ఒకరోజు మధ్యాహ్నం పట్టుకుంది.

"ఏందే అది?"

"నవల అత్తయ్యా."

"ఏముంది అందులో?"

"హత్య అత్తయ్యా" అన్నా.

"ఎవర్ని?"

"రైసుమిల్లు ఓనర్ని."

"ఎవరు చేశారు?"

"ఇంకా తెలీదు."

పీట వాల్చుకొని, "అయితే పైకి చదువు, మొదట్నించీ" అంది.

అప్పటికే ఆవిడకి చూపు తగ్గతా ఉంది, షుగరు మూలాన. అప్పట్లో కంటి డాక్టరంటే గుంటూరు పోవాల, బస్సులో అర పూట... సర్లే, ఆ సంగతి వద్దు. ఇంక రోజూ భోజనాలయినాక ఆవిడ మిరపకాయల తొడిమలు తీసేది, నేను చదివేదాన్ని. ఆ మిల్లు ఓనరు విషం కలిపిన పాలు తాగి చచ్చిపోతాడు. ఇంట్లో ఉంది ముగ్గురే. పెళ్ళాం, బావమరిది, సూదిమందు వెయ్యటానికొచ్చిన కాంపౌండరు. మా అత్తగారు మొదట్లోనే తేల్చేసింది. "మందులు ఎవడి చేతిలో ఉంటయ్యే? కాంపౌండరే. రాసిపెట్టుకో."

ఇంక రేపటితో తేలిపోయిద్ది అనంగా, పొద్దున్నే మీ తాతయ్య చూసుకోకుండా ఆ పుస్తకం వెనక పేజీలన్నీ చింపి జీలకర్ర పొట్లాలు కట్టేశాడు. ఆవిడకి చెప్తే కొట్లోకి వచ్చి మరీ తిట్టింది కొడుకుని. "కొట్లో ఇన్ని పేపర్లుండగా హంతకుణ్ణే చింపాలంట్రా నీకు?"

నన్నెప్పుడూ ఒంటరిగా గడప దాటనియ్యని మనిషి, ఆ రోజు నా చెయ్యి పట్టుకొని వీధంతా తిప్పింది. "అమ్మా, మా కొట్లో జీలకర్ర తీసుకున్నారా? కాగితం పారేశారా?" అని ఇల్లిల్లూ అడిగాం. జనం నవ్వారు. చర్చి పక్కన టీచరమ్మగారింట్లో మాత్రం ఒక కాగితం దొరికింది. నూనె మరక పోను కనపడిందల్లా ఒక్క లైను. 'ఇక ఎవరూ కదలొద్దు, అన్నాడు డిటెక్టివ్.' అంతే! నాకు ఏడుపొచ్చింది, ఆవిడకి నవ్వొచ్చింది. నేను ఆవిడ నవ్వటం చూడటం అదే మొదలు.

తర్వాత ఎనిమిదేళ్ళకి కాబోలు, మీ నాన్న బడికి పోతన్నాడు అప్పటికి, అదే నవలని టీవీలో తీశారు. మొదటి వారం పాలగ్లాసు చూడంగానే పోల్చుకున్నా. ఆవిడకి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. వారం వారం సాయంత్రం పక్కన కూర్చొని, ఎవరొచ్చారు, ఎటు చూశారు, అన్నీ నేనే చెప్పేదాన్ని. ఆఖరి వారం డిటెక్టివ్ మాట్లాడకుండా వేలు చూపించాడు. ఎవరనుకున్నావు? బావమరిది.

"ఎవరే? చెప్పవేందే?" అని నా మోకాలు కుదుపుతా ఉంది. పాపం అనిపించింది. "కాంపౌండరే అత్తయ్యా, మీరు చెప్పిందే" అన్నా. ఈలోపల ఆ దొంగసచ్చినోడు టీవీలో 'నేను కావాలని చెయ్యలేదు' అని ఏడ్చాడు.

మా అత్తగారు తల తిప్పింది. "కాంపౌండరుకి నత్తి పెట్టారు గదే సీరియల్లో. వీడికి నత్తి లేదే! నాకు కళ్ళు పొయినయ్యి గానీ చెవులు పోలా."

నేను ఒప్పేసుకున్నా. తిడతదనుకుంటే, టీవీ కట్టెయ్యమంది. తర్వాత అంది, "పాపం, ఎనిమిదేళ్ళు ఊరికే అనుమానించా గదే ఆ పిల్లోణ్ణి. నిన్ను గూడా అట్టాగే చేశా. ముక్కుపుడక నువ్వు తియ్యలా. చింతపండు జాడీలో దొరికింది నాకు అప్పట్లోనే."

నీకు తెలీదు గదా ఆ సంగతి. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఆవిడ ముక్కుపుడక కనపళ్ళా. నేనే మా పుట్టింటికి పంపించాననుకుంది. పైకి అన్లా గానీ నెల రోజులు నాతో పలకలా, నా ముందు బీరువా తెరవలా. తర్వాత ఒకరోజు ఆ పుడక మళ్ళీ ఆవిడ ముక్కునే కనపడింది. దొరికిందని ఆవిడ చెప్పలా, నేనూ అడగలా. అన్నేళ్ళూ ఇక్కడ, గుండెలో, ముల్లులాగా ఉండిపోయింది.

"నాకు తెలుసు అత్తయ్యా" అన్నా.

"తెలిసీ అడగలేదేందే?"

"మీరే చెప్తారని."

చెయ్యి తడుముకుంటా నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గూడా పొగరే, "సర్లే, ఇప్పుడు చెప్పాగా" అంది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం గూడా. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ మేం అత్తాకోడళ్ళలాగా లేమమ్మా. మీ తాతయ్యకే కుళ్ళు పుట్టేది.

టీవీవోళ్ళు కథ మార్చారో ఏమో, అసలు పుస్తకంలో చంపిందెవరో నాకిప్పటికీ తెలీదు. వద్దులే, ఫోన్లో ఎతకమాకు. నాకేం లోటు లేదు.

నువ్వు గూడా రేపొక ఇంటికి పోతావు. నీమీద ఎవరికీ అనుమానం రాకుండు గాక. నువ్వే ఎవర్నన్నా పొరపాటున అనుమానిస్తే, ఎనిమిదేళ్ళు ఆగకుండా ఆ పూటే నోరు తెరిచే మనసు నీకు ఆ దేవుడియ్యాల. చల్లగుండు తల్లీ.